పాల వేళ మార్చిన మనిషి

గౌలిపురలో బడి అయ్యాక జరిగే క్లాసులకు పాలాయన తన కొట్టం పక్క గది ఉచితంగా ఇచ్చాడని అందరూ పొగుడుతారు. గది ఎవరైనా ఇస్తారు! అక్కడ లెక్కలు చెప్పినదాన్ని, అసలు సంగతి నాకు తెలుసు.

సర్కారు బడి పిల్లల్ని పంపింది, బస్తీ సంఘం పుస్తకాలు కొన్నది. అయినా చీకటి పడ్డాక పిల్ల ఒంటరిగా ఇంటికి రావడం కుదరదని తల్లులు ఏడో తరగతి ఆడపిల్లల్ని క్లాసు మాన్పించారు. క్లాసులు నడిపే కమిటీ వాళ్ళం మేం మీటింగులు పెట్టుకుంటూ కూర్చున్నాం. ఆయన మాత్రం కొట్టం దగ్గర సాయంత్రం పాలు పోసే వేళను ఏడింటికి, క్లాసు వదిలే సమయానికి మార్చేశాడు. కొలత చెంబు నింపి పట్టుకునేవాడు; క్లాసు నుంచి కూతురు వచ్చి పక్కన నిలబడితేనే తల్లి గిన్నెలో పోసేవాడు.

"ఏందన్నా గీ లొల్లి? మేం చాయ్ ఎప్పుడు తాగాలె?" అని ఒకామె గొంతు లేపింది.

"పిల్లను రానీ అక్కా. పాలు యాడికి పోవు."

క్లాసుకొచ్చే ఆడపిల్లలు లేని ఇళ్ళవాళ్ళు కొందరు ప్యాకెట్ పాలకు మారారు. ఆడపిల్లలు మాత్రం అందరూ తిరిగొచ్చారు.

"మా కమిటీకి తట్టనిది నీకెట్ల తట్టిందన్నా?" అని అడిగాను.

"మా చెల్లె గూడ ఏడోదాంట్లనే బడి మానేసింది మేడమ్. తోడు వొయ్యేటోళ్లు లేకుండె," అని చెంబు కడగడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడు తోడు వెళ్ళనన్నది ఆయనేనా?