అత్తగారి మెట్లకు కార్పెట్

మేస్త్రమ్మంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఇళ్లలో మెట్లకు కార్పెట్ వెయ్యడం ఆవిడ పని. కొలతలు తీసి బేరాలు మాట్లాడేది మొగుడైతే, మోకాళ్ల మీద కూర్చుని మేకులు కొట్టేది ఈవిడ. ఇక ఆ నోరంటారా, అబ్బో! "నేను వేసిన కార్పెట్ ఊడితే నా పేరు మార్చుకుంటా" అని ఇంటింటా చాటి మరీ వస్తుంది. అందరి మెట్లూ మెత్తబడ్డాయిగానీ సొంతింటి చెక్కమెట్లు మాత్రం బోసిగానే ఉండిపోయాయి.

ఇంతలో అత్తగారు ఆ మెట్ల మీదే జారిపడ్డారు. చిన్న దెబ్బలతో బయటపడ్డారు, నయం. ఆవిడకు చూపు ఆనడం మానేసి చాలాకాలమైంది. పైగదిలోని కుట్టుమిషను, రేడియో, కిటికీ, అదే ఆవిడ రాజ్యం. కొడుకు హడలిపోయి, "అమ్మ మంచం కిందికి దించేద్దాం. మెట్లెక్కడం ఇక బంద్" అన్నాడు. ఆ పూట ఆవిడ కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

మేస్త్రమ్మకు ఒళ్లు మండింది. "నన్ను ఇంట్లో పెట్టుకుని మెట్లకు భయపడతారా? కార్పెట్ వేస్తాను. అత్తయ్య తనంతట తాను దిగితే సరేసరి, లేకపోతే మంచం దించండి, నోరెత్తను."

"సరే, నీ మాటే కానీ" అన్నాడు మొగుడు.

ఆదివారం పనిలోకి దిగింది. అత్తయ్యకు మెత్తగా ఉండాలని ఉన్నవాటిలోకెల్లా మందమైన స్పాంజి పరిచింది. దానిమీద కార్పెట్‌ను మెట్టు అంచు నుంచి కిందికి జారవిడిచి, మూలల్లో బిగించింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

అత్తగారు పైమెట్టు మీద కాలుపెట్టి ఆగిపోయారు. పాదంతో అటూ ఇటూ తడిమారు.

"అంచు ఏదే? పరుపు మీద నుంచున్నట్టుంది. మెట్టెక్కడ అయిపోయిందో నా కాలికి తెలియట్లేదు."

"చూశావా?" అంటూ కొడుకు మంచం దించడానికి పైకి బయల్దేరాడు.

మేస్త్రమ్మకు తల కొట్టేసినట్టయింది. అందరూ కళ్లతో చూసుకుని దిగుతారు, అత్తయ్య కాళ్లతో చూసుకుంటుంది. ఈ ముక్క తట్టలేదేమిటా అని తనమీద తనకే కోపమొచ్చింది.

"మంచం ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు! తప్పు నాది, మెట్లది కాదు" అని అరిచి, వేసిందంతా పీకిపారేసింది.

ఈసారి పల్చటి స్పాంజి తెచ్చింది. కార్పెట్‌ను మెట్టు అంచు చుట్టూ తిప్పి, కిందికంటా మడిచి, పళ్లు బిగబట్టి లాగి మేకులు కొట్టింది. ఇలాగైతే చాకిరీ రెట్టింపు. పైమెట్టు దగ్గర అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాదంతో తడిమి "ఇంకా వదులుగానే ఉంది" అన్నప్పుడల్లా మేస్త్రమ్మ విప్పి మళ్లీ బిగించింది. చివరికి ఆవిడ కాలివేళ్లు అంచు మీద నిలిచాయి. "ఆఁ, ఇదీ! ఇప్పుడు తగిలింది" అన్నారు. మిగతా మెట్లన్నీ అదే బిగింపుతో ముగించేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

అత్తగారు కమ్మీ పట్టుకుని లేచారు. ఒక్కో అంచునూ కాలివేళ్లతో చూసుకుంటూ, తొందరపడకుండా దిగసాగారు. కొడుకు కింద నిలబడి చెయ్యి చాచాడు.

"జరుగు నాయనా, దారికి అడ్డం."

నేల మీద కాలుపెట్టి, కూర్చోనైనా కూర్చోకుండా వెనక్కి తిరిగి మళ్లీ పైకెక్కేశారు. మేస్త్రమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. పైమెట్టు మీద నుంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"అంతగా మంచం దించాలని ఉంటే నీది దించుకోరా!"