కిందినుంచి వెలిగే బతుకమ్మ

మొన్న జనగామ చౌరస్తాలో ఏదో పనిమీద నిలబడితే, ఎలక్ట్రికల్ దుకాణం అబ్బాయి నన్ను పిలిచి మరీ ఒక దీపాల దండ చూపించాడు. చేతిలో ఫోను నొక్కుతుంటే ఆ దండ ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతూ ఉరికింది, ఆగమంటే ఆగింది, మెల్లగా పొమ్మంటే మెల్లగా పోయింది. పండుగకు తీసుకపో సారూ అన్నాడు పాపం. మా అవ్వ, నన్ను కన్న తల్లి, పోయి ఇంకా ఏడాది నిండలేదనీ, ఈ ఏడు మాకు పండుగ లేదనీ వాడికేం తెలుసు! వద్దని తలూపి బస్సెక్కాను గాని, పెద్దవంగర వచ్చేదాకా నా మనసు ఆ దీపాల చుట్టూ, వాటి వెనక అవ్వ చుట్టూ తిరుగుతూనే ఉంది.

తెలంగాణ కోసం అందరం పనులు బందువెట్టి కూర్చున్న ఆ రోజులు నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నేనప్పుడు జనగామలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేవాణ్ని. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, మా ఊరి సెంటర్లో దీక్ష టెంటు లేచింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో కరెంటు పనిచేసే మా బావ కూడా సమ్మెలోనే ఉండి, అక్కను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. బొగ్గు పైకి రాకపోయేసరికి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఆ దేవునికే ఎరుక. అయినా ఎవరూ తిట్టుకోలేదు, చీకట్లో కూర్చోవడం కూడా కొట్లాటలో భాగమే అనుకున్నాం.

ఊరంతా అంత హుషారుగా ఉంటే మా ఇంట్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆ ఎండాకాలంలోనే మా బాపు పోయాడు. బతుకమ్మ పాట ఎత్తుకుంటే వాడవాడంతా అందుకునే గొంతు మా అవ్వది. అలాంటి మనిషి బాపు పోయిన నాటి నుంచి మంచంలో గోడదిక్కు తిరిగి పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. ఊ అనడం, ఊహూ అనడం, అంతే. మానుకోట దవాఖానకు తీసుకుపోతే రోగమేమీ లేదన్నారు. ఏదన్నా ఉందంటే మందు తెచ్చేవాళ్లం గదా, లేదన్నాక ఏం చేయాలి? బాపు వెంటే తనూ పోతుందేమోనని నా గుండెల్లో ఒకటే గుబులు. ఆమెను లేపగలిగింది ఏదన్నా ఉంటే అది బతుకమ్మే, కానీ మనిషి పోయిన ఇంట్లో ఏడాదిదాకా పూలు పేర్చకూడదాయె. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరికొస్తున్నకొద్దీ వాడలో ఆడవాళ్లు తంగేడు పూల ముచ్చట్లు పెడుతుంటే, మా వాకిలి ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించుకుని పోయేవాళ్లు. అది చూస్తే నాకు ఇంకా ఏడుపొచ్చేది.

దీక్ష టెంటు దగ్గర ఆడవాళ్లు బతుకమ్మ ఆడాలనుకున్నారు, సారూ మీరేమన్నా లైట్లు పెట్టండని నన్ను అడిగారు. ఆ మాట ఇంట్లో చెబితే నా భార్య, పూలకు సూతకం ఉంటది గని లైట్లకేం సూతకం, బతుకమ్మనే లైట్లతోని పేర్చరాదు, అత్తమ్మ కండ్ల ముందరనే చెయ్ అంది. నిజం చెప్పొద్దూ, ఆ ఉపాయం నాకు తట్టలేదు.

ఇక చూడండి మా పని! మేదరాయన దగ్గర వెదురు బద్దలు తెచ్చి, పెద్దదాని మీద చిన్నది వచ్చేలా చుట్లు కట్టి తాంబాళం మీద నిలబెట్టాం. కోఠిలో ఎప్పుడో కొని దాచుకున్న చిన్న చిన్న ఎల్ఈడీలు బయటికి తీశాను. పూల బతుకమ్మ లెక్కనే తంగేడు వరుసకు పసుపువి, గునుగు వరుసకు తెల్లవి, పట్టుకుచ్చులకు ఎర్రవి, శిఖరాన గౌరమ్మకు ఒక్కటే పసుపు దీపం. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేలా ఎప్పుడో ల్యాబులో ప్రోగ్రాం రాసిన చిప్పు ఒకటి నా దగ్గరుంటే, వరుస తర్వాత వరుస వెలగాలని దాన్నే పెట్టాను, వేగం పెంచి తగ్గించడానికి ఒక బుడిపె కూడా పెట్టాను. బావ పక్కన కూర్చుని వైర్లు అతుకుతూ, కరెంటు మేమే బందువెడితిమి, నువ్వేమో లైట్లు జేస్తివి, మంచిగనే దొరికినవ్ బామ్మర్దీ అని ఒకటే నవ్వు. నవ్వి నవ్వి చివరికి తనే ట్రాక్టరు బ్యాటరీ మోసుకొచ్చాడు.

పొద్దుగూకే వేళ అవ్వ మంచం ఎదురుగా అరుగు మీద పెట్టి స్విచ్చి వేశాను. కాగితం మీద పై గీతతో మొదలుపెట్టి రాసే అలవాటు నాది, చిప్పుకు వైర్లు కలిపేటప్పుడు కూడా పై వరుసనే మొదటిదిగా పెట్టుకున్నాను. ముందు గౌరమ్మ వెలిగింది, తర్వాత ఒక్కో వరుసా కిందికి దిగింది. మేమందరం చప్పట్లు కొట్టబోతుండగా వెనక మంచం కిర్రుమంది. చూస్తే అవ్వ లేచి కూర్చుని ఉంది.

"ఎవలన్న బతుకమ్మను మీదికెల్లి పేరుస్తార్ర? కింద తంగేడు లేకుంట గౌరమ్మ గాలిల నిలవడ్తదా? సదువుకున్నవట సదువు!"

తిట్లు తింటూ అంత సంతోషపడ్డ కొడుకు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. బావ అక్కడికక్కడే వైర్లు తారుమారు చేసి అతికాడు. ఈసారి తంగేడు ముందు వెలిగి, వరుసలు ఒక్కొక్కటే పైకి లేచాయి. గంత ఉరుకుడెందుకు, సప్పట్లెప్పుడు కొట్టాలె అని అవ్వ మళ్లీ కసిరింది. ఎంత మెల్లగా అని నేనడిగితే, ఎట్ల చెప్పాలె అని విసుక్కుని, చెయ్యి చెయ్యి కలిపి చప్పట్లు కొడుతూ, సన్నగా పాట ఎత్తుకుంది. నేను బుడిపె తిప్పుతూనే ఉన్నాను, పాట చరణం ముగిసేసరికి ఒక వరుస వెలగాలి, చప్పట్లకు తెరిపి ఇవ్వాలి, మళ్లీ ఇంకో వరుస. సరిగ్గా కుదిరాక బావ ఆ బుడిపెను కదలకుండా లక్కపోసి అతికేశాడు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం ఆ దీపాల బతుకమ్మను టెంటు దగ్గరికి తీసుకుపోతే అవ్వ కూడా నడిచే వచ్చింది. ఏడాది నిండని ఇంటిదానివి ఎట్ల పాడతవని ఎవరో పెద్దామె నసిగితే, పువ్వు ముట్టొద్దన్నరు గని నోరు తెరువద్దన్నరా అంది. ఆట వరుసలోకి మాత్రం రాలేదు, పక్కన నిలబడి పాడింది. ఊరు ఊరంతా అందుకుంది.

తెలంగాణ వచ్చింది. కరెంటు పోవడమన్న మాటే మరిచిపోయాం, దీపాలు ఫోను చెప్పినట్టు వింటున్నాయి. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు పాడి, పాడి, మొన్న చలికాలంలో పోయింది.

ఆ రోజు జనగామ నుంచి రాగానే అటక మీది నుంచి ఆ దీపాల బతుకమ్మను తాంబాళంతో సహా దించి, దుమ్ము తుడిచి, బ్యాటరీ తగిలించి స్విచ్చి వేశాను. తంగేడు వెలిగింది, ఆగింది. గునుగు వెలిగింది, ఆగింది. లక్క ఊడలేదు, వేగం మారలేదు, అవ్వ చప్పట్ల కోసం అది ప్రతి వరుస దగ్గరా ఆగుతూనే ఉంది. నేనూ నా భార్యా ఎదురుగా కూర్చుని గౌరమ్మ వెలిగేదాకా చూశాం, మాలో ఎవరికీ పాట రాదు.