పిడి తేలిగ్గా ఆడితే

మొన్న నందిగామలో ఎడమ పక్కకి తిరిగి పడుకుని గుండె స్కానింగు చేయించుకుంటున్నంతసేపూ నా చూపు ఆ తెర మీదే ఉంది. నా వాల్వు లీకవుతోందన్నది పాత సంగతే, ఇప్పుడు కండరం ఎట్లా ఉందో చూడాలన్నారు. పరీక్ష చేసే అమ్మాయి గుండె గోడ వెంట చుక్కలు పెట్టుకుంటూ పోతే, ఏ ముక్క ఎంత ముడుచుకుంటోందో రంగుల్లో కనిపించింది. రిటైరైనా సైన్సు టీచరు బుద్ధి ఊరుకుంటుందా, పంపింగు బాగానే ఉందన్నారుగా, మళ్లీ ఇదెందుకని డాక్టరుగారిని అడిగాను. లీకున్నప్పుడు రక్తం కొంత సులువుగా వెనక్కి జారిపోతుంది కాబట్టి అలిసిన గుండె కూడా బాగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుందని ఆయన ఓపిగ్గా చెప్పారు.

ఆ మాట మా నాన్న ఎప్పుడో చెప్పాడు.

మన వయసువాళ్లకు బోరింగు పంపు గురించి చెప్పక్కర్లేదు. నాన్న జగ్గయ్యపేట, చిల్లకల్లు చుట్టుపక్కల బోరింగులు బాగుచేసేవాడు, సైకిలుకు తోలు వాషర్ల సంచీ తగిలించుకుని వెళ్లి, పిడి రెండుసార్లు కొట్టి చూసి జబ్బేమిటో తేల్చేసేవాడు. ఆ రోజుల్లోనే, చర్చి దాకా నడిస్తేనే అమ్మకి ఆయాసం వస్తోందని నాన్నా నేనూ బెజవాడ తీసుకెళితే, వాల్వు లీకవుతోంది గానీ పంపింగు భేషుగ్గా ఉంది, ఆపరేషనుకు తొందరలేదన్నారు. నేను సంబరపడ్డాను. తిరుగు బస్సు కీసర దాటాక నాన్న మెల్లిగా అన్నాడు.

“వాషరు అరిగితే నీళ్లు కిందికి జారిపోయి పిడి తేలిగ్గానే ఆడుద్ది గదమ్మా. అంతమాత్రాన కొట్టేవాడికి బలం ఉన్నట్టేనా? డాక్టరుగార్ని అడిగితే బాగుండేదేమో.”

గుండెకీ బోరింగుకీ పోలికేమిటి, వింటే నవ్వుతారు నాన్నా అని నేనే నవ్వేశాను.

రెండేళ్లకు కొత్త వాల్వు వేశారు. వెనక్కి జారే దారి మూసుకుపోయి అసలు బరువు మీద పడేసరికి, ఎప్పుడో అలిసిపోయిన అమ్మ గుండె దాన్ని మోయలేకపోయింది. మంచానికీ కుర్చీకీ మధ్య కొన్నాళ్లు గడిపి వెళ్లిపోయింది. నేను ముందే చెప్పానుగా అని నాన్న ఒక్కసారి కూడా అనలేదు.

నా కండరం ఇప్పుడిప్పుడే అలుస్తోందట, ఆలస్యం చెయ్యకుండా వాల్వు బాగుచేయించుకోమన్నారు. ఊళ్లో బోరింగులు తుప్పుపట్టిపోయాయి, నాన్న అనుమానాన్ని తీర్చే మిషను మాత్రం నందిగామ దాకా వచ్చింది. పిడి సంగతి చెబితే డాక్టరుగారు ముచ్చటపడి, ఇకమీద పేషెంట్లకు ఇట్లాగే చెప్తానన్నారు. మా నాన్న మాటండీ అన్నాను. ఆ మాట విని ఆ రోజు నేను నవ్వానని మాత్రం చెప్పలేకపోయాను.