మీటరు మీద బొట్టు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి నా డైరీకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "ఇవాళ బండికి బొట్టు పెట్టాను. అమ్మ సంతోషించింది" అని మాత్రమే ఉంటుంది. రెండు వాక్యాలూ నిజమే. వాటికి ముందు జరిగిన ఘోరాన్ని మాత్రం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కాస్త స్థిమితంగా కూర్చోండి.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న మిర్చి, పత్తి వేస్తాడు. ఆయన పాత బండికి స్పీడు చూపించే ముల్లు ఎప్పుడూ నలభై దగ్గరే ఉండేది. బండి పాకలో నిద్రపోతున్నా నలభయ్యే. అమ్మ గేదెల పుణ్యమా అని కొత్త మోటారుసైకిలు వచ్చింది. దానికి ముల్లు లేదు, సెల్‌ఫోనంత తెర ఉంది. తాళం తిప్పితే అంకెలు వెలుగుతాయి. నాన్న వారం రోజులు పొలం మానేసి దాని ముందే కూర్చున్నాడంటే మీరు నమ్మరు. నమ్మకండి. రెండు రోజులు మాత్రం నిజంగానే కూర్చున్నాడు.

నాకు చీరాలలో చేనేత చీరల కొట్టులో ఉద్యోగం. రోజూ బస్సులో నిలబడి వెళ్ళాలి. నిలబడటం కష్టం కాదు, జవాబులు చెప్పడం కష్టం. "ఏమ్మాయ్, సంబంధాలు చూస్తున్నారా?" అని ఒకావిడ మొదలుపెడితే బస్సు బస్సంతా నా నోటివంక చూస్తుంది. అదే బండి మీదయితే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. సాయంత్రం వాడరేవు దాకా పోయి, అలలు చూస్తూ ఓ అరగంట పుస్తకం చదువుకోవచ్చు.

బండి నాకూ కావాలని అడిగితే అమ్మ తీర్పు ఇలా చెప్పింది: "తండ్రీకూతుళ్ళు ఇద్దరూ వినండి. నెల రోజులు చూస్తా. బండి మీద గీత పడలేదా, పిల్ల దానిమీదే చీరాల పోద్ది. పడిందా, అది బస్సెక్కుద్ది, నువ్వు పొలానికి నడుస్తావు."

"నా వల్ల గీతేంటే?" అన్నాడు నాన్న.

"పాత బండిని అడుగు, చెప్పుద్ది" అంది అమ్మ.

నాలుగో రోజు, శుక్రవారం, కొట్టుకు సెలవు కావడంతో కల్లంలో నాన్నకు అన్నం ఇచ్చి వస్తున్నాను. ఖాళీ స్టీలు క్యారేజీ హ్యాండిలుకు తగిలించాను. మలుపులో అది ఊగి మీటరును కొట్టింది. టక్. అంతే. చూద్దును కదా, తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు సన్నటి పగులు!

నేను చదువుకున్నదాన్ని. చదువుకున్నవాళ్ళు కంగారుపడరు, ఫోనులో వెతుకుతారు. టూత్‌పేస్టు రుద్దితే గీతలు పోతాయని ఎవరో పుణ్యాత్ముడు చెప్పాడు. ఇంటికొచ్చి రుద్దాను. గీతలు పోతాయేమో గాని పగుళ్ళు పోవు. పేస్టు పగుల్లోకి దిగి, ఎండకు ఎండి, సున్నంలా గట్టిపడింది. దగ్గరికొస్తే గాని కనపడని పగులు ఇప్పుడు వీధి చివరికి కనపడుతోంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అడుసు మీద పసుపు పూయనేల అని మాత్రం ఎవరూ అనలేదు. అందుకని పూశాను. పచ్చగీత ఒక్కటే ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో కుంకుమ కూడా అద్దాను. అంతలో వెనక నుంచి అమ్మ.

"ఏంటే అది?"

"శుక్రవారం కదమ్మా..."

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవుడి దగ్గర దీపం పెట్టమంటే పుస్తకంలోంచి తల ఎత్తవు. బండికి బొట్టు పెట్టాలని నీకు తోచిందా తల్లీ!"

ఇక ప్రతి శుక్రవారం తప్పలేదు. పగులు పెరుగుతుందేమోనన్న భయంతో బొట్టు పెంచుకుంటూ పోయాను. చిల్లరబిళ్ళంత బొట్టు అప్పడమంత అయింది. చిత్రమేమిటంటే నాన్న ఒక్కసారి కూడా కాదనలేదు. బండి కడిగినా మీటరు జోలికి పోడు. పైగా, "కుడిపక్క కొంచెం ఎక్కువ పెట్టమ్మా" అనేవాడు. ఎంత భక్తి అనుకున్నాను.

నెల చివరి ఆదివారం అమ్మ పరీక్ష పెట్టింది. నేను నడపాలి, నాన్న వెనక కూర్చోవాలి, చీరాల పోయి రావాలి. సగం దారిలో, పత్తి చేల మధ్య, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"పెట్రోలు ఎంతుంది?" అన్నాడు నాన్న.

"కనపడదు నాన్నా, బొట్టుంది."

"కాస్త తుడిచి చూడు."

"పెట్టిన బొట్టు తుడవకూడదు నాన్నా!"

"అవునవును, తుడవకూడదు!" అన్నాడు నాన్న, నాకంటే కంగారుగా.

ఇద్దరం కిలోమీటరు తోశాం. ఆటోలో పోతూ ఒకాయన అరిచాడు. "ఏం పెద్దాయనా, బండిని ఊరేగిస్తున్నారా?"

రోడ్డు పక్కన కరీముల్లా అనే మెకానిక్ కొట్టు కనిపించింది. ఆయన ట్యాంకు ఊపి చూసి, "చుక్క లేదన్నా. మీటరు చూసుకోరా?" అంటూ తడిగుడ్డ తీశాడు.

"వద్దు!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"శుక్రవారం పెట్టిన బొట్టు తమ్ముడూ" అన్నాడు నాన్న.

"ఇవాళ ఆదివారం అన్నా" అని ఒక్క తుడుపు తుడిచేశాడు.

చీరాల పోయింది. వాడరేవు పోయింది. బస్సూ, బస్సులో ఆవిడా కళ్ళముందు కదిలారు. భయం భయంగా తెరవంక చూశాను. నా పగులు ఉంది, పళ్ళు తోముకున్నంత తెల్లగా. దాని పక్కనే, కుడివైపు, నేనెన్నడూ చూడని ఇంకో పగులు ఉంది.

"రెండు దెబ్బలు తిన్నదే! ఇదేదో మిరపకాయల కాటా కొక్కెం తగిలినట్టుంది" అన్నాడు కరీముల్లా.

నాన్న వెంటనే పత్తి చేనువంక తిరిగి, జీవితంలో మొదటిసారి పత్తిని చూస్తున్నవాడిలా చూశాడు.

కరీముల్లా ఒక మూల గోరు పెట్టి లాగాడు. రెండు పగుళ్ళూ, పసుపూ, పేస్టూ అన్నీ కలిసి దోసెలా లేచి వచ్చేశాయి. కింద తెర అద్దంలా మెరుస్తోంది. పెట్రోలు గుర్తు పాపం ఎన్నాళ్ళ నుంచో కొట్టుకుంటోంది.

"పగిలింది పైనున్న ప్లాస్టిక్ గార్డేనమ్మా. గీతలు పడకుండా కొత్త బండికి అంటిస్తారు. దీనికి బొట్టెందుకు, ఇంకోటి వేస్తే సరి."

వేశాడు. పెట్రోలు తెచ్చి పోశాడు. చీరాల పోయి వస్తూ దారంతా నాన్న, నేను వర్షాల గురించి మాట్లాడుకున్నాం. ఇంటి దగ్గర అమ్మ బండి చుట్టూ తిరిగి, తళతళలాడే మీటరు చూసి, "నెల రోజుల పూజ ఊరికే పోద్దా!" అంది. మర్నాటి నుంచి బండి మీదే చీరాల పొమ్మంది.

ఆ సాయంత్రం డైరీ తెరిచి ప్రమాణం రాసుకున్నాను: "పసుపు కుంకుమల సాక్షిగా, ఇకమీదట ఏ తప్పునూ బొట్టుతో కప్పను. పేస్టును పళ్ళకు తప్ప దేనికీ రాయను."

సిరా ఇంకా ఆరలేదు. నాన్న గుమ్మంలోకి వచ్చి, అమ్మ పాకలో ఉందో లేదో చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"అమ్మా, వచ్చే శుక్రవారం బొట్టు ముందు చక్రం మడ్‌గార్డు మీద పెట్టు. ఎడంపక్క. కొంచెం పెద్దదే పెట్టు."