నోరీన్ గారి పువ్వుల బోర్డులు

ఇస్త్రీపెట్టె వేడికి మైనం కరిగి స్నోబోర్డు అడుగున పరుచుకుంటుంటే గదంతా ఒక వాసన నిండుతుంది. ఆర్పిన కొవ్వొత్తి వాసనకు దగ్గరే కానీ కాస్త ఘాటు ఎక్కువ. ఈ ఉదయం ఆ పనిలో ఉండగానే నోరీన్ గారు గుర్తొచ్చారు. నాకది నేర్పింది ఆవిడే. డబ్లిన్‌కు దక్షిణాన ఒక కొండవాలు మీద, మంచుకు బదులు బ్రష్షు పీచులాంటి తెల్లటి ప్లాస్టిక్ పరిచి నీళ్లు చల్లుతారు. మంచు సరిగా పడని ఈ దేశంలో స్నోబోర్డింగు నేర్చుకోవాలంటే అలాంటి చోటికే రావాలి. అక్కడ బూట్లు, బోర్డులు అద్దెకిచ్చే గదిని ఇరవై ఏళ్లకు పైగా నోరీన్ గారే చూసుకున్నారు. పొట్టి మనిషి. నన్ను ‘పెట్’ అని పిలిచేవారు, మనం ‘తల్లీ’ అన్నట్టు. ఆవిడ పోయి రెండేళ్లవుతోంది.

నేను బడికి వెళ్లలేదు. తెలుగు, లెక్కలు, స్తోత్రాలు, కొంచెం ఇంగ్లీషు మా నాన్నగారే ఇంట్లో నేర్పారు. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో మా వారికి ఉద్యోగం వచ్చి ఇక్కడికొచ్చాక, సర్టిఫికెట్టు ఒక్కటీ లేని నన్ను పనిలోకి తీసుకున్నవారు లేరు. నోరీన్ గారు నా దరఖాస్తు చూసి, “ఇంట్లో చదువంటే, అర్థం కాకపోతే మళ్లీ అడగనిచ్చేవారా?” అన్నారు.

“ఎన్నిసార్లైనా అండీ.”

“అయితే ఇక్కడా అడుగు. మూడు నెలలు చూస్తాను. తర్వాత సంగతి తర్వాత.”

నా జీవితంలో మొదటి ఉద్యోగం అది. నిలబెట్టుకోవాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని బస్సెక్కేదాన్ని.

గదిలో బోర్డులకు రెండు అరలుండేవి. ఆడవాళ్ల అరలోవి కాస్త పొట్టిగా, మధ్యలో సన్నగా, మెత్తగా వంగేలా ఉండేవి. అన్నిటి మీదా ఊదారంగు పువ్వులు. మొదటివారమే అడిగాను, ఆడవాళ్లకు వేరే బోర్డు నిజంగా అవసరమా, పువ్వులు అమ్ముకోవడానికేనా అని.

“పువ్వులు అమ్ముకోవడానికే,” అన్నారావిడ. “బోర్డుకు నువ్వు ఆడదానివో మగవాడివో తెలియదు పెట్. బరువు తెలుసు, పాదం తెలుసు. అంతే.”

విన్నాను కానీ మనసుకు ఎక్కించుకోలేదు. ఆడమనిషి వస్తే ఆడవాళ్ల అర, మగమనిషి వస్తే రెండో అర. అలా సులువుగా ఉండేది.

మూడో నెలలో ఒక టీచరమ్మ వచ్చారు. ఐరిష్ ఆవిడ, మంచి పొడగరి, మగవాళ్లంత పెద్ద ఎనిమిదో నంబరు పాదం. పువ్వుల బోర్డే ఇచ్చాను. స్నోబోర్డు మీద పాదాలు అడ్డంగా పెట్టి నిలబడాలి; బిగించాక బూటు మొనలు అంచు దాటి బయటికి వచ్చాయి. “సరిపోయిందాండీ?” అంటే, “ఆ, ఐయామ్ గ్రాండ్,” అన్నారు. సరేనని పంపేశాను. సగం వాలు దిగేసరికి బూటు మొన పీచులో చిక్కుకుని ఆవిడ బోర్లా పడ్డారు. మణికట్టు బెణికింది.

నోరీన్ గారు కట్టు కట్టి, ఆవిడను సాగనంపి నా దగ్గరికి వచ్చారు. “మొనలు బయటికి రావడం చూశావా?”

చూడలేదంటే సరిపోయేది. “చూశానండీ. ఆవిడ గ్రాండ్ అన్నారని ఊరుకున్నాను.”

“ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగుందని కాదు. నిన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదని.”

అప్పుడు నాకు వెలిగింది. “మాకూ ఒక మాట ఉందండీ. పర్లేదు.”

“పర్లేడూ,” అన్నారావిడ. నవ్వలేదు. “నీ సంగతి నెలాఖరుకు చెబుతాను.”

ఆ నెల చివరి శనివారం బోమాంట్ ఆసుపత్రిలో పనిచేసే ఒక తెలుగు డాక్టరమ్మ వచ్చింది. వరంగల్ వైపు అమ్మాయి. భర్త కొన్న పెద్ద బోర్డు వెంట తెచ్చుకుంది. పిల్లలు వేసుకునే నంబరు బూటు చాలు ఆ పాదానికి. ఎంత ప్రయత్నించినా బోర్డు తిరగడం లేదు. జారుతూ పోయి వాలు చివర కట్టిన వల దగ్గర ఆగుతోంది.

“బోర్డు సరిగ్గా ఉందామ్మా?”

“పర్లేదక్కా, నడుస్తది. నాకే చాతకాదు.”

నోరీన్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడకు మిగతా తెలుగు అర్థం కాకపోయినా ఆ ఒక్క మాట తెలుసు. నా వైపు చూశారు.

నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మొన, మడమ రెండూ అంచుకు చాలా లోపలే ఉన్నాయి. ఆ పాదం ఎంత నొక్కినా అంచుదాకా బలం చేరదు. “పర్లేదనకమ్మా, ఇది నీ కాలికి వెడల్పు,” అని పువ్వుల బోర్డు తెచ్చాను.

“గీ పువ్వులదా? మా పాప చూస్తే నాదంటది.”

“చూడలేదుగా. ఎక్కు.”

మూడోసారికి బోర్డు తిరిగింది. ఆ అమ్మాయి పైకొచ్చి, హెల్మెట్ తీసింది. “రెండేండ్ల సంది మా ఆయన నవ్వుతుండె అక్కా. నేను గూడ నవ్విన,” అంది.

ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. నోరీన్ గారు స్వెటరు చేతులు సర్దుకున్నారు. “నేను మా అన్న బోర్డు మీద ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను. నా కాళ్లలో బలం లేదనుకున్నాను,” అని, లోపలికి వెళ్తూ, “సోమవారం తొమ్మిదికి రా. ఇక నెలలు లెక్కపెట్టుకోకు,” అన్నారు.

తర్వాత ఒకసారి అడిగాను, పాదమే ముఖ్యమైతే ‘ఆడవాళ్లవి’ అన్న పేరు తీసేసి నంబర్లు రాయవచ్చు కదా అని. “తీసేస్తే యజమానులు చిన్నవి కొనడమే మానేస్తారు. ఆ అర కోసం నేను తొమ్మిదేళ్లు పోట్లాడాను,” అన్నారు.

ఇప్పుడు బోర్డులు తెప్పించేది నేనే. ఆడవాళ్ల బోర్డు ఆడవాళ్లకు మేలు చేస్తుందా అని అడిగేవారికి, పాదం చూపించండి, చెబుతాను అంటాను. పొడుగాటి అమ్మాయిలను రెండో అరకు పంపుతాను. నిన్న ఒక సన్నటి పెద్దాయన పువ్వుల బోర్డు చంకలో పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ వెళ్లాడు. దిగి వచ్చాక మాత్రం మళ్లీ అదే కావాలన్నాడు. రోజూ పూజలో మా నాన్నగారి పేరు తర్వాత నోరీన్ గారి పేరు తలుచుకుంటాను. ఒకరు నన్ను ఎన్నిసార్లైనా అడగనిచ్చారు. ఇంకొకరు ఎదుటివారిని రెండోసారి అడగడం నేర్పారు.