ఆయన గొంతు ఒక్కటే రాలేదు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. రేడియో పరికరాలు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీలో పొద్దంతా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని పనిచేసిన మనిషిని. మిషన్ పలకలేదంటే దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నా చేతికి వచ్చినవాటిలో దొరకనిది ఒక్కటే. అది నా ఇంటి సంగతి కావడంతో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల చివర్లో మేము హైదరాబాద్ పాతబస్తీలో, గౌలిపురలో ఉండేవాళ్ళం. మా ఆయన యాదగిరికి మైక్ సెట్ ఉండేది. పెళ్ళిళ్ళకు, పూజలకు, మీటింగులకు కిరాయికి తీసుకుపోయేవాడు. నిజానికి సెట్ కంటే ఆయన గొంతుకే గిరాకీ ఎక్కువ. అరిచినట్టుండదు, కానీ గల్లీ చివరిదాకా ప్రతి అక్షరం తెలిసేది. తెలుగులో చెప్పిందే వెంటనే ఉర్దూలో చెప్పేవాడు. తెగిన వైర్లు అతకడం నా వంతు. వారమంతా ఫ్యాక్టరీ, ఆదివారం మైక్ సెట్. మధ్యలో ఇద్దరు పిల్లలు, వంట, నీళ్ళ కోసం నిలబడడం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏళ్ళన్నీ నిద్రమత్తులోనే నడిచినట్టుంటుంది.

ఒక ఏడు ఆయన పాత మిక్సర్ కొన్నాడు, మైకుల శబ్దాన్ని కలిపి సరిచేసి యాంప్లిఫయర్‌కు పంపే పెట్టె. సికింద్రాబాద్‌లో ఎవరో రికార్డింగ్ పని మానేస్తూ అమ్ముకున్న సరుకు. మిషన్ మంచిదే. దాన్ని మా యాంప్లిఫయర్‌కు కలపడం దగ్గరే చిక్కు వచ్చింది.

మిక్సర్ నుంచి మూడు తీగలు వస్తాయి. రెండింట్లో ఒకటే శబ్దం, కాకపోతే రెండోదాంట్లో తిరగబడి ఉంటుంది. మూడోది ఎర్త్. మా యాంప్లిఫయర్‌లో చూస్తే ఒక శబ్దం తీగకు, ఒక ఎర్త్‌కు మాత్రమే చోటుంది. మిగిలిపోయిన ఆ రెండో తీగను ఏం చేయాలి? ఊరికే వదిలేస్తే శబ్దం పీలగా వస్తుంది, వెనక గుయ్‌మని మోత. రెండు శబ్దం తీగలూ ఒకదానికొకటి తగిలితే కొట్టేసుకుని అసలేమీ రాదు. ఈ మిక్సర్ లోపల, శబ్దం బయటికి వచ్చేచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కాబట్టి ఆ తీగను ఎర్త్‌తో కలిపేస్తే సరిపోతుంది. అలాగే అతికాను. ఇంట్లో పెట్టి చూస్తే మోత లేదు. ఆయన ఒక్కసారి హలో అనేసరికి పక్కింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

మొదటిసారి దాన్ని మా దగ్గరి బోనాలకు తీసుకుపోయాం. మా ఆయన దోస్తు ఖాజా భాయ్ స్తంభాలకు హారన్లు, అంటే గరాటు స్పీకర్లు, కట్టాడు. మధ్యాహ్నం వాన వెలిసింది. పాటల రికార్డు పెడితే ఎంతో బాగా వచ్చింది. పాట ఆపి, బోనాలెత్తుకున్న ఆడవాళ్ళను వరుసలో రమ్మని చెప్పడానికి మా ఆయన మైకు అందుకున్నాడు. హారన్లలోంచి ఏమీ రాలేదు.

ఖాజా భాయ్ ఆ మైకే తీసుకుని హలో అన్నాడు. గల్లీ అంతా మోగింది. మళ్ళీ ఆయన మాట్లాడాడు. లేదు. మైకు మార్చాం. ఖాజా భాయ్ గొంతు వస్తోంది, డప్పుల చప్పుడు కూడా మైకులో పడి వస్తోంది. ఆయనది రావడం లేదు.

ఇక్కడ నేను చూసింది చూసినట్టు చెప్పాలి. ఆయన మాట్లాడినప్పుడల్లా మిక్సర్ మీద మీటరు ముల్లు లేచి పడుతోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆయన గొంతు నా చెవిలో రోజూలాగే ఉంది. అంటే మిక్సర్ దాకా వస్తోంది. యాంప్లిఫయర్ నుంచి పోవడం లేదు. ఆ రెండింటి మధ్య ఉన్నది నేను అతికిన కేబుల్ ఒక్కటే.

ఆ కేబుల్ చివరి ప్లగ్గు విప్పాను. అతుకులు శుభ్రంగా ఉన్నాయి. తీగలు ఎక్కడా తగల్లేదు. తగిలి ఉంటే అందరి గొంతులూ పోవాలి కదా. తీగకు ఫలానా మనిషని ఏం తెలుస్తుంది?

ప్లగ్గు చేతిలో ఉండగానే ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. జహనుమా నుంచి చుట్టాలింటికి వచ్చిందట.

"అన్నా, జర జల్ది చెప్పే. నా కొడుకు కనవడ్తలేడు. శీనుగాడు. ఎర్రంగి ఏసుకున్నడు."

నేను గబగబా ప్లగ్గు బిగించి పెట్టాను. మా ఆయన మైకులో చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లాడి పేరు, ఎర్ర అంగీ, ఎవరికి కనిపించినా స్టేజీ దగ్గరికి తీసుకురమ్మని. తెలుగులో చెప్పి ఉర్దూలో చెప్పాడు. ముల్లు ఆడుతోంది. హారన్లు మూగగా ఉన్నాయి. ఆ తల్లి వాటివైపే చూస్తూ, వస్తలేదు గదన్నా, వస్తలేదు అంటోంది. ఆయన మాత్రం తొందర లేకుండా, ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. ఎదురుగా ఉన్న జనంలో ఒక్కరు కూడా తల తిప్పలేదు.

ఉన్నట్టుండి ఆయన నా వైపు చూశాడు. మాట మధ్యలో ఆపేసి మైకు నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పు, సుగుణా."

నేను అంతకుముందు మైకులో మాట్లాడిందే లేదు. ఆయన చెప్పిందే నేనూ చెప్పాను. నా మాట హారన్లలోంచి నాకే తిరిగి వినిపించింది. కాసేపటికి ఎవరో పెద్దాయన పిల్లాడిని భుజాల మీద ఎక్కించుకుని తెచ్చాడు. సోడా బండి దగ్గర నిలబడి ఉన్నాడట. తల్లి వాడిని ఒక్కటి వేసి, వెంటనే దగ్గరికి లాక్కుని కూలబడిపోయింది.

మిగతా రోజంతా నేనే మాట్లాడాను. సామాను సర్దేటప్పుడు ఖాజా భాయ్, మిషన్‌లో ఏదో ఖరాబుంది భాబీ, ఫికర్ చేయకు అన్నాడు. ఇంటికి వచ్చి అదే కేబుల్‌తో కలిపి చూస్తే ఆయన గొంతు ఎప్పటిలాగే వచ్చింది. మర్నాడు కేబుల్ సంచీలో వేసుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయి మీటర్ పెట్టి చూశాను. ఏ లోపమూ లేదు. తరువాతి ఆదివారం పెళ్ళిలో ఆయనే మాట్లాడాడు, బాగానే వచ్చింది. ఇంకా ఆలోచించే తీరిక మాకు లేదు. వదిలేశాం.

దసరా దాటాక ఆయన గొంతు బొంగురుపోయింది. పడిశం అనుకున్నాం. మిరియాల పాలు తాగించాను. తగ్గలేదు. చలికాలం చివర పెద్దాసుపత్రికి పోతే స్వరపేటికలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటికనే తీసేశారు. ఊపిరి తీసుకోవడానికి మెడకు రంధ్రం పెట్టారు. మనిషి దక్కాడు, గొంతు పోయింది.

ఆ తరువాత మైకు నాదైంది. ఆయన మిక్సర్ దగ్గర కూర్చునేవాడు. మొదట్లో జనం యాదగిరి ఏడీ అని అడిగేవాళ్ళు, తరువాత మానేశారు. ఏడవడానికి కూడా ఓపిక లేని రోజులవి. ఆయన చప్పుడు లేకుండా పెదవులు కదిపితే నేను అర్థం చేసుకునేదాన్ని. పిల్లలు ఇంకా తొందరగా నేర్చుకున్నారు.

కొన్నేళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం ఆ కేబుల్ అతుకు ఊడితే ఇంట్లో కూర్చుని మళ్ళీ అతుకుతున్నాను. ఆయన తీగలు కదలకుండా పట్టుకున్నాడు. బోనాల సంగతి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు ఎందుకో నోరు జారింది.

"ఆ దినం నీ గొంతును మింగింది గీ వైరే గద."

ఆయన నాకేసి వింతగా చూశాడు. పెదవులు కదిపాడు.

"మింగుడేంది? మంచిగనే వచ్చింది. గల్లీ చివర కమాన్ దాకా ఇనవడ్డది."

ఎగతాళి అనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు. హారన్లలోంచి తన మాట తనకు స్పష్టంగా వినిపించిందట. మేమంతా రావడం లేదంటుంటే డప్పుల లొల్లిలో మాకే వినిపించడం లేదనుకున్నాడట. మరి మైకు నాకెందుకు ఇచ్చావని అడిగాను.

"నువ్వు ఏడుస్తున్నవ్. ఎంతకీ ఆగుతలేవు. గందుకే ఇచ్చిన."

ఆ రోజు నేను ఏడవలేదు. ఆయన గొంతు పోయినప్పుడు ఏడవాల్సింది, అప్పుడూ ఏడవలేదు. నా మీద నాకే అనుమానం వచ్చి, తరువాత ఖాజా భాయ్‌ని అడిగాను. లేదు భాబీ, ప్లగ్గు బిగించి మిక్సర్ కాడనే కూసున్నవ్ అన్నాడు.

ఆయన్ని మళ్ళీ అడగలేదు. ఆ మధ్యాహ్నం అతుకు చల్లారేదాకా ఇద్దరం ఆ తీగలు పట్టుకుని అలాగే కూర్చున్నాం. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ రోజు స్టేజీ మీద ఆయన విన్నదేమిటో, నా ముఖంలో చూసిందేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.