వీపు లేని కోటు

సూదమ్మ కుట్టిన బట్టలు బిగుతయ్యాయని గానీ, వదులయ్యాయని గానీ ఎవరూ వెనక్కి తెచ్చింది లేదు. "నా బేరాలకు నోరుండదమ్మా, ఒక దర్జీకి ఇంతకంటే అదృష్టం ఏం కావాలి?" అని ఆమే నవ్వేది. శవపేటికలు అమ్మే దుకాణం వెనక గదిలో కిటికీ పక్కన ఉండేది ఆమె మిషను. చనిపోయినవాళ్ళకు తొడిగే ఆఖరి బట్టలు కుట్టడం ఆమె పని. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ వీధి వీధంతా ఆమెను సూదమ్మ అనే పిలిచేది.

ఆ పనిలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఆఖరి బట్టలకు వీపు ఉండదు. ముందునుంచి చూస్తే కోటే, కాలరు, గుండీలు, జేబు మూత అన్నీ ఉంటాయి. వెనక్కి తిప్పితే రెండు నాడాలు, మిగతాదంతా ఖాళీ. గుండీలు ఊరికే గుడ్డ మీద కుట్టేస్తారు, కాజాలుండవు. జేబు మూత కింద జేబుండదు. ప్రాణం పోయిన మనిషికి చేతులెక్కించి నిండు కోటు తొడగడం మాటలా మరి? పైన పరిచి, అంచులు పక్కలకు దోపి, నాడాలు ముడేస్తే చూసేవాళ్ళ కంటికి నిండుగానే ఉంటుంది. "పైన పటారం, లోన లొటారం. మన సరుకు ఇంతేనమ్మా" అనేవాడు దుకాణం యజమాని. ఏళ్ళ తరబడి అలాగే కుట్టీ కుట్టీ ఆమె చేతులు ఎంతగా అలవాటు పడిపోయాయంటే, కళ్ళు మూసుకున్నా పని సాగిపోయేది.

విచిత్రం ఏమిటంటే, ఇంటికి వెళ్తే ఆమె బతుకంతా వీపు మీదే గడిచింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సీటుకు రాసుకుని రాసుకుని కోటు వెనక భాగమే ముందు అరిగిపోయేది. ముందు వైపు పెళ్ళికొడుకులా ఉండేవాడు, వెనక అతుకుల బొంత. సూదమ్మ ఆ వీపులకు మాసికలు వేసేది. పొద్దున్నే ఆయన గుమ్మం దాటేముందు, అరచేత్తో ఆ వీపు ఒకసారి నిమిరి ముడతలు తీసి పంపేది. ఆయన ఆ చెయ్యి పడేదాకా గుమ్మంలోనే నిలబడేవాడు, బస్సుకు ఆలస్యమైనా సరే.

దేవుడి విషయంలో ఆయనకు మెలికలు తెలియవు. యేసు సమాధిలోంచి లేచాడు, కాబట్టి మనమూ లేస్తాం, అంతే. ఆదివారం మందిరంలో అందరూ కలిసి విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు, శరీరం తిరిగి లేస్తుందని నమ్ముతున్నాను అనే మాట దగ్గర ఆయన గొంతు పెరిగేది, మోచేత్తో భార్యను పొడిచేవాడు. ఇంటికొచ్చాక వేళాకోళం. "ఏమేవ్, అందరికీ సగం కోట్లు కుట్టి పంపిస్తున్నావు. ఆ రోజు నీ బేరాలన్నీ లేచి నిలబడితే వెనకాలవాళ్ళ గతేంటే? నాకు మాత్రం గట్టి వీపు వెయ్యి. నలుగురిలో పరువు తియ్యకు."

"ముందు మీరు పోవాలిగా! నా చేత ఇంకో నాలుగు మాసికలు వేయించుకోకుండా ఎక్కడికి పోతారు?" అనేది ఆమె. "సరే, వేస్తా. కాజాలతో సహా. మాటిస్తున్నా."

ఒక పొద్దున్న ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, ఒక కాలికి తొడిగి రెండోది చేతిలో పట్టుకుని అలాగే పక్కకు ఒరిగిపోయాడు. వైద్యుడు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. యజమాని మంచివాడే, "నువ్వు కూర్చోమ్మా, బట్టలు ఇంకొకరి చేత కుట్టిస్తా" అన్నాడు. ఆమె వినలేదు. నా మొగుడి కోటు ఇంకొకరు కుట్టేదేమిటి అని ముదురు నీలం ఉన్ని గుడ్డ పరిచింది. సుద్దతో గీసింది. ముందు ముక్కలు, చేతులు, వీపు, అన్నీ కొలతకు కత్తిరించింది. కళ్ళలోంచి నీళ్ళు గుడ్డ మీద పడుతుంటే మిషను ముందు కూర్చుంది. తొడిగేటప్పుడు గదిలో ఉండలేక బయట నిలబడింది. పేటికలో చూస్తే ఆయన నిండు కోటులో దొరబాబులా ఉన్నాడు.

ఖననం అయిన కొన్నాళ్ళకు పనిలోకి వచ్చి, గది ఊడుస్తూ బల్ల కిందకు చీపురు పోనిచ్చింది. చీపురుకు అడ్డుపడి బయటికి వచ్చింది ముదురు నీలం ముక్క. సుద్ద గీతలు ఇంకా చెరగలేదు. అది వీపు ముక్క.

అక్కడే నేల మీద కూలబడింది. చేతులు అలవాటు ప్రకారం నాడాలు కుట్టేశాయి. గుండీలకు కాజాలు తీసిన జ్ఞాపకం కూడా లేదు. జీవితమంతా మాసికలేసిన వీపు, మాటిచ్చిన వీపు, దాన్ని బల్ల కింద వదిలేసి మనిషిని మట్టిలో పెట్టేసింది.

పోనీలే, దుఃఖంలో పొరపాటు అనుకోవచ్చుగా అని మీరంటారు. ఆమె కూడా అనుకోవాలనే చూసింది. కానీ లోపల ఒక పురుగు దొలవడం మొదలుపెట్టింది. చేతులకు అబద్ధం రాదు. ఈయన మళ్ళీ లేస్తాడని నా లోపల ఎక్కడైనా నమ్మకం ఉంటే, నా చేతులు ఆ వీపు మరిచిపోయేవా? నోటితో ఆదివారం ఆదివారం చెప్పాను. చేతులు మాత్రం ఎప్పుడూ నమ్మలేదు, అందుకే లేవనివాడికి కుట్టినట్టు కుట్టాయి. నా భక్తి కూడా నా సరుకులాంటిదే, ముందునుంచి చూస్తే నిండుగా ఉంటుంది. ఈ మాట తట్టినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించలేదు. ఆయన లేకపోవడం ఒక ఏడుపు. ఆయన ఇక ఎప్పటికీ లేడేమో, మట్టే ఆఖరేమో అన్న భయం దాన్ని మించిన ఏడుపు.

ఆ ఆదివారం నుంచి విశ్వాస ప్రమాణంలో ఆ ఒక్క మాట దగ్గర ఆమె నోరు మూతపడేది. మిగతావన్నీ చెప్పేది. పక్కన పొడిచే మోచెయ్యి కూడా లేదాయె.

ఒకసారి ధైర్యం చేసి పాస్టరు గారిని అడిగింది. "అయ్యగారూ, ఆ రోజు మనం ఏ బట్టలతో లేస్తామండీ?"

ఆయన నవ్వారు, మంచి మనసుతోనే. "దేవుడికి బట్టలో లెక్కమ్మా? మట్టైపోయిన శరీరాన్నే కొత్తగా లేపేవాడు బట్టల కోసం చూస్తాడా? క్రీస్తు లేచాడా లేదా, అదొక్కటే ప్రశ్న. ఆయన లేవకపోతే నేను చెప్పే ప్రసంగాలన్నీ గాలిమాటలే, మనకంటే దిక్కులేనివాళ్ళు ఉండరు. లేచాడు గనక నీ భర్తా లేస్తాడు. దిగులు పడకు."

జవాబు సరైనదే. ఆమె అడగాలనుకున్నది మాత్రం అది కాదు. నమ్మని చేతులను ఏం చెయ్యాలని అడగాలనుకుంది. సిగ్గేసి అడగలేకపోయింది. దండం పెట్టి వచ్చేసింది.

అంతలో ఆడపడుచు మంచం పట్టింది. భర్తకు పెద్దక్క, సూదమ్మకు వదిన. నోరు కాదు అది, కత్తెర. మందిరంలో ఆడవాళ్ళకు వాక్యం చెప్పేది ఆవిడే. ఇక లేవదని వైద్యులు తేల్చేశాక మరదలికి కబురు పెట్టింది.

"రావే అమ్మాయ్. ఏడుపు మొహం తరవాత పెడుదువు గానీ, కొలతలు తీసుకో. నాకు పొడుగు చేతుల గౌను కావాలి. మా తమ్ముడికి కుట్టావు చూడు, అలాగే కుట్టు. వాడికి వీపు వేస్తానని మాటిచ్చావట, నాతో చెప్పుకుని మురిసిపోయాడు వెర్రివాడు."

సూదమ్మ చేతిలోంచి కొలత టేపు జారింది. దాచుకోవడానికి ఇంకేం మిగలలేదు. మంచం అంచున కూర్చుని అంతా చెప్పేసింది, బల్ల కింద ముక్క, చేతుల సంగతి, మందిరంలో నోరు మూతపడటం, అంతా.

వదిన మొహం గోడ వైపు తిప్పుకుంది. "నా తమ్ముణ్ణి సగం బట్టతో పంపావన్నమాట" అంది చివరికి.

"తిట్టు వదినా. తిడితే బాగుంటుంది."

"తిట్టడానికి ఓపికుంటే నీ పని చెప్పేదాన్ని." మెల్లగా ఇటు తిరిగింది. "యేసును చుట్టిపెట్టిన గుడ్డల్ని ఆయనేం చేశాడే?"

"సమాధిలోనే వదిలేశాడంటారు. తలకు చుట్టింది మడిచి పెట్టాడంటారు."

"మరింకేం? మా వాడు మాత్రం మడవడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క చొక్కా మడిచిన పాపాన పోలేదు." ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే వదిన కళ్ళు తడిశాయి. "నీ బాధ గుడ్డ గురించి కాదే. వాడు అసలు లేస్తాడా అని నీ భయం. అవునా?"

"అవును వదినా."

"నాకూ భయమేనే."

సూదమ్మ నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్ళూ అందరికీ ధైర్యం చెప్పిన నోరు అది.

"అలా చూడకు. పడుకుంటే పైకప్పు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆయన లేవకపోయుంటే నేను చెప్పిందంతా ఊకదంపుడే, నా పెనిమిటీ మట్టే, నా కడుపున పుట్టి పోయిన పసిదీ మట్టే. లేచాడనే కదటే, ఎంత ఏడ్చినా మర్నాడు లేచి పొయ్యి ముట్టించాను! ఆ మాట తీసేస్తే నా దగ్గర ఇంకేం లేదు. అందుకే భయపడుతూనే పట్టుకున్నా. నువ్వూ నమ్మి కుడతావో, నమ్మలేక కుడతావో నీ ఇష్టం. వీపుతో కుట్టు, కాజాలతో కుట్టు. తొడగడం మాత్రం నువ్వే తొడగాలి, దుకాణం వాళ్ళ చెయ్యి పడనివ్వకు. ఆ నీలం ముక్క పారేశావా?"

"దాచాను."

"నా పక్కన పెట్టు. వాడికిస్తా."

"అలా కుదురుతుందా వదినా?"

"కుదరదంటే ఎందుకు కుదరదో అక్కడే అడుగుతాలే."

సూదమ్మ గౌను కుట్టడం మొదలుపెట్టింది. చేతులు పాత దారి పట్టబోతుంటే ఆపి, విప్పి, మళ్ళీ కుట్టింది. వీపు జోడించింది. మూతల కింద జేబులు పెట్టింది. ఒక్కొక్క కాజా చేత్తో తీసింది. యజమాని అటుగా వచ్చి ఆగాడు. "ఈ కాజాలెందుకమ్మా? ఎవరు విప్పుతారు?"

"ఆవిడే విప్పుకుంటుంది" అంది సూదమ్మ, తల ఎత్తకుండానే. ఆయన వెళ్ళిపోయాక గానీ తానేమందో తనకే తెలిసిరాలేదు. ఆ మాట నమ్మకంతో వచ్చిందా, చిరాకుతో వచ్చిందా అని తన్ను తాను గుచ్చి గుచ్చి అడిగినా తేలలేదు.

వదిన పోయిందని కబురొచ్చేసరికి గౌను సిద్ధంగా ఉంది. ఆవిడ కోడలు గుమ్మం దగ్గరే బిగుసుకుపోయి నిలబడింది. సూదమ్మ ఒక్కతే మంచం మీదకు ఎక్కింది. నిండు వీపున్న బట్ట తొడగాలంటే మనిషిని లేపి కూర్చోబెట్టాలి. ఇన్నేళ్ళ పనిలో ఆమె ఏ ఒక్కరినీ అలా లేపలేదు.

"లే వదినా. కొంచెం లే. చెయ్యి ఇలా ఇవ్వు" అంది, జబ్బు మనిషితో అన్నట్టే. లేవలేదు. చంకల కింద చేతులేసి లాగింది. ఆ బక్క మనిషిలో అంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో, జారి వెనక్కి పడిపోయింది. మళ్ళీ లాగింది. తల వచ్చి సూదమ్మ భుజం మీద వాలింది. పోయినవాళ్ళు ఒక్క అంగుళం కూడా సాయం చెయ్యరు. అప్పుడు తెలిసింది ఆమెకు, లేవడం వాళ్ళ చేతిలో పని కాదని. తన నమ్మకంతో ఆవిడ వేలు కూడా కదలదు. ఎవరో వచ్చి రెండు చేతులా లేపాలి. లేపేవాడంటూ ఉన్నాడా, ముందు తన కొడుకు యేసును నిజంగా లేపాడా, అంతా అక్కడే ఉంది. లేపి ఉంటే, చేతులు మరిచిపోయిన వీపైనా ఆయనకు అడ్డు కాదు. లేపకపోయి ఉంటే, ఈ కాజాలన్నీ వెర్రి.

చేతులెక్కించి, గౌను వెనక్కి లాగి, అరచేత్తో వీపు నిమిరి ముడత తీసింది. ఆ చెయ్యి ఆ కదలికను గుర్తుపట్టింది. గుమ్మంలో ఆగి నిలబడిన మనిషి గుర్తొచ్చాడు. భర్త పోయాక కూడా అంత గట్టిగా ఏడవని సూదమ్మ, వదినను కౌగలించుకుని బావురుమంది. నీలం ముక్క మడిచి ఆవిడ పక్కన పెట్టింది.

సమాధి దగ్గర గాలి విసురుగా ఉంది. పాస్టరు గారు విశ్వాస ప్రమాణం మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి సూదమ్మ నోరు ఎప్పటిలాగే మూతపడింది. మిగతావాళ్ళు దాటి వెళ్ళిపోయారు, ఆమేన్ కూడా అనేశారు. మట్టి వేయడానికి మనుషులు వంగారు.

అప్పుడు వెనకనుంచి, అందరూ వినేలా, వణుకుతూ ఒక్క గొంతు వచ్చింది. "శరీరం తిరిగి లేస్తుందని నమ్ముతున్నాను."

వంగినవాళ్ళు నిలబడిపోయారు. సూదమ్మ రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పాస్టరు గారు ఆమె వైపు చూసి, పుస్తకం మూయకుండా, ఆమె కోసం మరోసారి ఆమేన్ అన్నారు.